స్విచ్చిలోని గోడలు

ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుని కార్యాలయమునకు, విద్యార్థుల కంప్యూటరు గదికి మధ్య ఇటుక గోడ ఉంటుంది. తలుపునకు తాళము ఉంటుంది. ప్రశ్నపత్రములు, మార్కుల పట్టికలు ఆ తాళము వెనుక భద్రముగా ఉన్నవని మనము అనుకొంటాము. కాని నేడు అవి చాలవరకు కాగితము మీద గాక కంప్యూటరులో ఉన్నవి. ఆ కంప్యూటరు నుండి బయలుదేరిన తీగ, విద్యార్థుల గది నుండి వచ్చిన తీగలు, అన్నీ వరండాలో గోడకు బిగించిన ఒకే ఒక పెట్టెలోనికి పోయి చేరుతున్నవి. ఆ పెట్టె పేరు స్విచ్చి. దీపము వెలిగించు స్విచ్చికి, దీనికి పేరు తప్ప పోలిక లేదు. టెలిఫోను ఎక్స్ఛేంజికి మాత్రము ఇది దగ్గరి చుట్టము. ఆ పెట్టెలో ఏ అడ్డూ లేకపోతే, వెలుపలి ఇటుక గోడ వలన కలుగు ప్రయోజనము స్వల్పమే.

పెట్టె లోపల గోడ కట్టుటకు ఒక పద్ధతి ఉన్నది. దానిని వర్చువల్ లాన్ అని, పొట్టిగా వీలాన్ అని అంటారు. లాన్ అనగా ఒక భవనములోనో, ఒక ఆవరణలోనో ఉన్న కంప్యూటర్లను కలుపు వల. నిజముగా వేరు కాకపోయినా వేరైనట్లే పని చేయు వల వర్చువల్ లాన్. చిత్రమేమిటంటే, ఈ గోడకు మూలమైన ఊహ పుట్టినది గోడ కట్టుటకు కాదు, దారిని వెడల్పు చేయుటకు. అది ఎట్లు జరిగినదో తెలియవలెనంటే కొంచెము వెనుకకు పోవలెను.

భౌతికశాస్త్ర ఉపాధ్యాయులకు 'ఈథరు' అను మాట పరిచితమే. విశ్వమంతయు వ్యాపించి, వెలుతురును మోయుచున్నదని పందొమ్మిదవ శతాబ్దపు శాస్త్రజ్ఞులు నమ్మిన పదార్థమది. 1887లో మైకెల్సన్, మోర్లేలు చేసిన ప్రయోగములో దాని జాడ కానరాలేదు. తరువాత ఐన్‌స్టైను సిద్ధాంతముతో దాని అవసరమే లేకుండ పోయినది. అట్లు శాస్త్రము నుండి వెళ్లిపోయిన పేరు 1973 మే 22న మరొక చోట ప్రత్యక్షమైనది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రములోని పాలో ఆల్టో పట్టణమున జిరాక్సు కంపెనీవారి పరిశోధనాలయము ఉండెడిది. అక్కడ పనిచేయు రాబర్ట్ మెట్కాఫ్ ఆనాడు వ్రాసిన ఒక పత్రములో, తాను తలపెట్టిన కంప్యూటరు వలకు 'ఈథర్‌నెట్' అని పేరు పెట్టినాడు. ఈథరు సర్వత్ర వ్యాపించి, తాను ఏమియు చేయక, వచ్చిన తరంగమును అందరికి అందించునని కదా పూర్వుల నమ్మకము! మెట్కాఫ్ వలలోని కేబులు సరిగా ఆ పనే చేస్తుంది. ఒక కంప్యూటరు పలికినది కేబులు వెంట ఉన్న ప్రతి కంప్యూటరునకు వినబడుతుంది.

ఈ ఊహకు పూర్వరంగము హవాయి దీవులలో జరిగినది. అక్కడి విశ్వవిద్యాలయములో నార్మన్ అబ్రామ్సన్, ఆయన సహచరులు 1971లో 'అలోహా' అను రేడియో వలను నడిపినారు. వేర్వేరు దీవులలోని యంత్రములన్నీ ఒకే రేడియో మార్గమును పంచుకొనెడివి. రెండు యంత్రములు ఒకేసారి మాట్లాడితే మాటలు కలగాపులగమై పోయెడివి. అప్పుడు ఒక్కొక్కటి తనకు తోచినంత సేపు ఆగి, మరల ప్రయత్నించవలెను. మెట్కాఫ్, డేవిడ్ బాగ్స్ దీనికి మరికొంత మర్యాద నేర్పినారు. రచ్చబండ మీద పదిమంది కూర్చున్నప్పుడు తెలిసినవారు ఎట్లు మాట్లాడుతారో, ఈథర్‌నెట్ అట్లే నడుస్తుంది. మొదట ఎవరైనా మాట్లాడుతున్నారేమో వినవలెను. ఎవరూ లేకపోతే మాట ఎత్తవలెను. ఇద్దరు ఒక్కసారే ఎత్తితే ఇద్దరూ వెంటనే ఆపి, కొంచెము ఆగి, మరల మొదలుపెట్టవలెను. ఎంతసేపు ఆగవలెనో యాదృచ్ఛికముగా నిర్ణయించుకొంటారు గనుక మరల ఢీకొను అవకాశము తగ్గుతుంది. మొదటి ఈథర్‌నెట్ వేగము సెకనుకు 29 లక్షల 40 వేల బిట్లు. 1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ అను మూడు కంపెనీలు కలిసి దానిని సెకనుకు కోటి బిట్లకు పెంచి, నియమములను అచ్చువేసినవి. 1983లో ఇంజనీర్ల సంఘమైన ఐ.ఇ.ఇ.ఇ. తన 802.3 ప్రమాణముగా ఈ పద్ధతిని ఆమోదించినది.

రచ్చబండ మీద పదిమంది ఉంటే ముచ్చట సాగుతుంది. అయిదు వందల మంది చేరితే అది సంత అవుతుంది. ఈథర్‌నెట్టుకు సరిగా ఇదే జరిగినది.

మొదటి ఉపాయము వంతెన. రెండు కేబుళ్ల నడుమ ఒక యంత్రమును పెట్టినారు. ఈ వంతెన అడుగు ప్రశ్న ఒక్కటే: 'ఈ మాట ఎవరిది, ఎటు నుండి వచ్చినది?' ప్రతి ఈథర్‌నెట్ యంత్రమునకు 48 బిట్ల చిరునామా ఒకటి ఉంటుంది. కంప్యూటరు పంపు సమాచారపు మూటను ఫ్రేము అంటారు. దాని మీద పంపినవారి చిరునామా, అందుకొనవలసినవారి చిరునామా రెండూ ఉంటవి. వంతెన పంపినవారి చిరునామాను చూచి, 'ఈ యంత్రము ఫలానా వైపున ఉన్నది' అని తన పట్టికలో వ్రాసికొంటుంది. కొంతసేపటికి ఎవరు ఏ వైపున ఉన్నారో దానికి తెలిసిపోతుంది. అప్పటి నుండి ఒక వైపువారు తమలో తాము చెప్పుకొను మాటలను రెండవ వైపునకు పోనీయదు. చిరునామా తెలియని ఫ్రేము వస్తే మాత్రము అన్ని వైపులకు పంపుతుంది. ఎవరూ నేర్పకుండ, ఎవరూ పట్టిక వ్రాసి ఇవ్వకుండ, వినికిడి చేతనే నేర్చుకొను ఈ యంత్రమును మెచ్చుకొనక తప్పదు.

దీనికొక ప్రమాదమున్నది. ఒక వంతెన చెడిపోతే పని ఆగరాదని రెండు వంతెనలను ప్రక్కప్రక్కనే పెట్టితే, ఫ్రేము ఒకదాని మీదుగా పోయి రెండవదాని మీదుగా తిరిగి వస్తుంది. అందరినీ ఉద్దేశించిన ఫ్రేము అయితే గానుగెద్దువలె తిరుగుచునే ఉంటుంది, తిరిగినకొలది సంఖ్య పెరుగుతుంది, క్షణములలో వల అంతయు నిండిపోతుంది. డిజిటల్ కంపెనీలో పనిచేయు రేడియా పెర్ల్‌మన్ అను గణితజ్ఞురాలు 1985లో దీనికి విరుగుడు కనిపెట్టినది. వంతెనలు తమలో తాము సంప్రదించుకొని, ఒకదానిని వేరుగా ఎన్నుకొని, అక్కడి నుండి కొమ్మలు సాగిన చెట్టువలె దారులను ఏర్పరచుకొంటవి. మిగిలిన దారులను మూసివేస్తవి. చెట్టులో ఏ రెండు ఆకుల నడుమనైనా దారి ఒక్కటే గనుక చక్రభ్రమణమునకు చోటు లేదు. కొమ్మ విరిగితే మూసిన దారి తెరుచుకొంటుంది.

ఇక్కడ డబ్ల్యు. డేవిడ్ సిన్కాస్కీ కథలోనికి వస్తాడు. ఇతడు టెలిఫోను రంగమునకు చెందిన ఇంజనీరు. 1981 నుండి 1984 వరకు ఈథర్‌నెట్ మీద మనుష్యుల మాటను పంపు ప్రయోగములు చేసి, సఫలుడైనాడు. తరువాత అమెరికా టెలిఫోను కంపెనీల పరిశోధనా సంస్థయైన బెల్‌కోరులో చేరినాడు. అతనిని ఒక లెక్క వేధించినది. టెలిఫోను తీగ మీద ఒక్కొక్క సంభాషణకు దొరకునది సెకనుకు 56 వేల బిట్లే. ఈథర్‌నెట్ కోటి బిట్లు మోస్తుంది. కాని టెలిఫోను వ్యవస్థ మొత్తము మీద ఏకకాలమున మోయగలిగినది సెకనుకు లక్ష కోట్ల బిట్లని అంచనా. ఈథర్‌నెట్ ఎంత పెద్దదైనా, ఎందరు చేరినా, మొత్తము మీద ఆ కోటి బిట్లే! ఒక బండి వేగముగా పోవుట వేరు, దేశమంతట రోడ్లు ఉండుట వేరు.

ఈథర్‌నెట్లను వంతెనలతో కలుపవచ్చును గదా అంటే, చెట్టు అడ్డు వస్తుంది. చెట్టులో మొదలు దగ్గర ఉన్న వంతెన మీదనే భారమంతయు పడుతుంది. మూసిన దారులు ఊరక పడి ఉంటవి. సిన్కాస్కీ ఆలోచన ఇది: ఒక చెట్టునకు బదులు మూడు చెట్లు ఉంటే? ప్రతి ఫ్రేముకు ఒక గుర్తు తగిలిద్దాము. ఆ గుర్తును రంగు అనుకొందాము. ఎర్రని ఫ్రేములు ఎర్రచెట్టు వెంట, పచ్చనివి పచ్చచెట్టు వెంట, నీలివి నీలిచెట్టు వెంట పోతవి. ఒక రంగునకు నియమించిన వంతెన తక్కిన రంగులను పట్టించుకొనదు. ఒకే ఊరిలో మూడు రోడ్లు వేసినట్లు భారము పంచుకొనబడుతుంది. ఇతడు, ఛేజ్ కాటన్ కలిసి ఈ పద్ధతి యొక్క గణన క్రమములను వివరించు వ్యాసమును 1988లో ఐ.ఇ.ఇ.ఇ. పత్రికలో ప్రకటించినారు. ఆ గుర్తే నేటి వీలాన్ గుర్తునకు మూలము. దారుల కోసము వేసిన రంగు అది. అయితే ఒక వంతెన పచ్చఫ్రేమును పట్టించుకొనదు అంటే, పచ్చవారి మాట ఎర్రవారికి వినబడదు అనియు అర్థము గదా! ఆ రెండవ అర్థమే లోకమునకు ఎక్కువ పనికివచ్చినది.

ఎందుకనగా, ఇంతలో వంతెన రూపము మారిపోయినది. కాలిఫోర్నియాలో వినోద్ భరద్వాజ్ అను భారతీయ సంతతివాడు, లారీ బ్లెయిర్ కలిసి ఒక చిన్న కంపెనీ పెట్టినారు. దాని పేరు కల్పన. అది భరద్వాజ్ భార్య పేరు. మన పాఠకులకు అర్థము చెప్పనక్కరలేదు. 1990 నాటికి వీరు ఏడు ద్వారములు గల ఈథర్‌నెట్ పెట్టెను అమ్మకమునకు పెట్టినారు. ఆ ద్వారములను పోర్టులు అంటారు. రెండు వైపుల వంతెన ఇప్పుడు ఏడు వైపుల వంతెన అయినది. దానికి వారు స్విచ్చి అని పేరు పెట్టినారు. అదే కాలమున మందపాటి కేబులు పోయి, టెలిఫోను తీగవంటి పురిపెట్టిన తీగలు వచ్చినవి. ఒక్కొక్క కంప్యూటరుకు ఒక్కొక్క తీగ, ఒక్కొక్క పోర్టు. 1994లో సిస్కో కంపెనీ కల్పనను కొన్నది.

స్విచ్చి వచ్చిన పిమ్మట ఇద్దరి మాట మూడవవానికి సాధారణముగా వినబడదు. కాని 'అందరికీ' అని పంపు కేక మాత్రము అందరికీ పోతుంది. ఈ కేకలు తప్పనిసరి. ఒక కంప్యూటరు మరొక దానితో మాట్లాడవలెనంటే, 'ఫలానా సంఖ్య గలవారు ఎవరు? మీ ఈథర్‌నెట్ చిరునామా చెప్పుడు' అని ముందు కేక వేయవలెను. 1982 నుండి ఉన్న నియమమిది. వేయి కంప్యూటర్ల వలలో ప్రతి ఒక్కటి మిగిలిన వాని కేకలన్నీ వినవలసినదే. అంతేగాక, జవాబు చెప్పకూడనివాడు 'నేనే ఆ ఫలానా' అని అబద్ధమాడవచ్చును. కేక ఎంత దూరము పోవునో అంత దూరము ఈ మోసమునకు చోటున్నది. విద్యార్థుల గదిలో వేసిన కేక కార్యాలయములో వినబడరాదని కోరుట అందువలననే.

సిన్కాస్కీ రంగు ఇక్కడ పనికివచ్చినది. పోర్టులకే రంగు వేస్తే సరి! ఎర్రపోర్టులో వచ్చిన కేకను ఎర్రపోర్టులకే పంపవలెను. పెట్టె ఒక్కటే, కాని లోపల రెండు మూడు స్విచ్చులు ఉన్నట్లు. వేర్వేరు కంపెనీలు ఈ పని వేర్వేరు విధములుగా చేసినవి. ఒకరి గుర్తు మరొకరికి తెలియదు. కంప్యూటరు చిరునామాను బట్టి రంగు నిర్ణయించిన వారున్నారు. అది ఏ భాషలో మాట్లాడునో దానిని బట్టి నిర్ణయించిన వారున్నారు. 1998లో ఐ.ఇ.ఇ.ఇ. 802.1క్యూ ప్రమాణము వచ్చి తగవు తీర్చినది. ఆ ప్రమాణము వర్గీకరణకు పోర్టునే ఆధారముగా తీసికొన్నది. ఈ నిర్ణయము సరియైనదని నా అభిప్రాయము. చిరునామాను కంప్యూటరే చెప్పుకొంటుంది, అది మార్చి చెప్పవచ్చును. పోర్టు గోడకు బిగించి ఉన్నది, చేతితో తాకి చూడవచ్చును.

గుర్తు ఎట్లుంటుందో చూతము. ఫ్రేములో పంపినవారి చిరునామా తరువాత 4 బైట్లు, అనగా 32 బిట్లు చేరుస్తారు. మొదటి 16 బిట్లు 'ఇది రంగు వేసిన ఫ్రేము' అని తెలుపు ముద్ర. తరువాత 3 బిట్లు ముందు వెనుకల ప్రాధాన్యమునకు. ఒక బిట్టు వేరొక ప్రయోజనమునకు. మిగిలిన 12 బిట్లు వీలాన్ సంఖ్య. రెండును పన్నెండుసార్లు గుణిస్తే 4,096. అందులో 0, 4,095 ప్రత్యేక ప్రయోజనములకు కేటాయించినవి గనుక మనకు మిగిలినవి 4,094. ఫ్రేము గరిష్ఠ పొడవు 1,518 బైట్ల నుండి 1,522 బైట్లకు పెరిగినది. ఆ నాలుగు బైట్లను ఒప్పుకొనుటకు ఈథర్‌నెట్ ప్రమాణమునే అదే 1998లో సవరించవలసి వచ్చినది.

ఇప్పుడు మన పాఠశాల వరండాకు వత్తము. 24 పోర్టుల స్విచ్చి ఉన్నదనుకొందాము. కార్యాలయమునకు 10, విద్యార్థుల గదికి 20 అని సంఖ్యలు పెట్టినాము. 1 నుండి 6 వరకు పోర్టులు కార్యాలయమునకు, 7 నుండి 22 వరకు విద్యార్థులకు. పెట్టె కొన్ననాడు అన్ని పోర్టులును 1వ వీలాన్‌లో ఉంటవి, అనగా గోడలు ఉండవు. మనము ముందుగా 10, 20 అను సంఖ్యలను సృష్టించవలెను. పిమ్మట ఏ పోర్టు ఏ సంఖ్యలో సభ్యుడో వ్రాయవలెను. ఈ పోర్టుల నుండి వెలుపలికి పోవు ఫ్రేముకు గుర్తు తీసివేయవలెనని చెప్పవలెను. మామూలు కంప్యూటరుకు గుర్తుతో పనిలేదు. దీనినే అన్‌ట్యాగ్డ్ అంటారు. చివరకు, ఆ పోర్టులో గుర్తు లేకుండ లోపలికి వచ్చిన ఫ్రేముకు ఏ సంఖ్య తగిలించవలెనో చెప్పవలెను. ఈ సంఖ్యకు పీ.వీ.ఐ.డి. అని పేరు.

పోవు దారికి ఒక ఏర్పాటు, వచ్చు దారికి ఒక ఏర్పాటు అని ఇవి రెండుగా ఉన్నవన్న సంగతి ఎందరినో తికమక పెట్టినది. కొన్ని స్విచ్చులలో పోర్టుకు ఒక్క ఆజ్ఞ ఇస్తే రెండూ జరిగిపోతవి. చవక రకములలో వీనికి రెండు వేర్వేరు పుటలు ఉంటవి. ఒక పాఠశాలలో ఈ వ్యాసకర్త సభ్యత్వమును శ్రద్ధగా మార్చి, పీ.వీ.ఐ.డి.ని పాత 1 గానే వదలి, ఒక పూట అంతయు తీగలను అనుమానించినాడు. కార్యాలయపు కంప్యూటరు 10వ వీలాన్ కేకలను వింటుంది, కాని తాను పలికినది 1వ వీలాన్‌లోనికి పోతుంది. చెవులు ఇక్కడ, నోరు అక్కడ! తీగకు ఏ దోషమూ లేదు.

మేడ మీద రెండవ స్విచ్చి ఉండి, అక్కడ కూడ కార్యాలయపు కంప్యూటరు ఒకటి, విద్యార్థులవి కొన్ని ఉంటే? రంగుకు ఒక తీగ చొప్పున క్రింది నుండి మీదికి రెండు తీగలు లాగవచ్చును. కాని 24వ పోర్టును రెండు సంఖ్యలలోను సభ్యునిగా చేసి, అక్కడ గుర్తు తీయవద్దని చెప్పితే, ఒక్క తీగయే చాలును. రెండు రంగుల ఫ్రేములు గుర్తులతో సహా పైకి పోతవి. పై స్విచ్చి గుర్తు చూచి వేరు చేస్తుంది. ఇట్టి తీగను ట్రంకు అంటారు. టెలిఫోనువారు ఎక్స్ఛేంజీల నడుమ తీగలకు వాడు మాట కూడ అదే. ఇంటర్నెట్ రెండు గదులకు కావలెను గనుక, రెండు రంగులును రౌటరు వద్దకు చేరుతవి. ఎవరు ఎవరితో మాట్లాడవచ్చునో అను కట్టుబాటు అక్కడ వ్రాయవలెను. అది వ్రాయకపోతే, స్విచ్చిలో కట్టిన గోడకు రౌటరులో తలుపు తీసి పెట్టినట్లే. మార్పులు ముగిసిన తరువాత భద్రపరచు ఆజ్ఞ ఇవ్వవలెను. లేకపోతే చాల స్విచ్చులలో కరెంటు పోయి వచ్చునప్పటికి పని అంతయు మొదటికి వస్తుంది. మన ఊళ్లలో దీనికి ఎక్కువ రోజులు పట్టదు.

ఈ గోడ ఎంత గట్టిది? అది ఒక పట్టికలోని అంకెలతో కట్టినది, ఆ అంకెలు ఎంత సరియైనవో గోడ అంత గట్టిది. ఉదాహరణకు, కొన్ని ట్రంకులలో ఒక రంగు ఫ్రేములను గుర్తు లేకుండ పంపు ఏర్పాటు ఉంటుంది. దుర్బుద్ధి గలవాడు అదే రంగు పోర్టులో కూర్చొని, ఒక ఫ్రేముకు రెండు గుర్తులు తగిలించి పంపితే, మొదటి స్విచ్చి పై గుర్తును తీసివేస్తుంది. రెండవ స్విచ్చి లోపలి గుర్తును చూచి, దానిని మరొక రంగువారికి అందిస్తుంది. జవాబు తిరిగి రాదు గాని, గోడ దాటినమాట నిజము. ట్రంకు మీద గుర్తు లేని రంగును ఏ పోర్టుకును ఇవ్వకుండుటే దీనికి మందు.

గోడలు చాలని చోట ఏమి జరుగునో 2002 నవంబరు 13న బోస్టన్ నగరములోని బెత్ ఇజ్రాయెల్ డీకొనెస్ వైద్యశాలలో కనబడినది. అక్కడి వల ఏండ్ల తరబడి స్విచ్చికి స్విచ్చి అతికించుకొంటూ పెరిగినది. చెట్టులో ఒక చివర నుండి మరొక చివరకు ఏడు వంతెనలకు మించరాదని నియమమున్నది. ఆ హద్దు దాటిపోయినది. ఒక పరిశోధకుని కార్యక్రమము భారీగా సమాచారమును కుమ్మరించినప్పుడు చెట్టు నిలువలేకపోయినది. దాదాపు నాలుగు రోజులు ఆ వైద్యశాల కాగితముతో నడిచినది. మందుల చీటీలు చేతితో వ్రాసినారు. పరీక్షల ఫలితములను మనుష్యులు పరుగున మోసినారు. రంగులు ఎన్ని వేసినా, రంగులన్నీ ఒకే చెట్టును ఎక్కి ఉంటే చెట్టుతో పాటు అన్నీ కూలుతవి. తరువాత వారు వలను భాగములుగా విడదీసి, నడుమ రౌటర్లతో పునర్నిర్మించినారు.

ఒక రంగునకు ఒక చెట్టు ఉండవలెనని గదా సిన్కాస్కీ మొదట చెప్పినది! 1998 నాటి ప్రమాణములో రంగులు వచ్చినవి గాని చెట్టు ఒక్కటే ఉండెను. అదే 2002లో ఐ.ఇ.ఇ.ఇ. 802.1ఎస్ అను సవరణను ఆమోదించినది. కొన్ని వీలాన్‌లను ఒక చెట్టునకు, కొన్నింటిని మరొక చెట్టునకు అప్పగించు విధానము దానితో వచ్చినది. సిన్కాస్కీ 2010లో మరణించినాడు. మేడ మీది స్విచ్చికి రెండు ట్రంకు తీగలు లాగిన చోట, నేడు 10వ వీలాన్ ఒక తీగ మీద, 20వ వీలాన్ రెండవ తీగ మీద పోవునట్లు చేయవచ్చును. ఒకటి తెగితే రెండు రంగులును మిగిలిన తీగ మీదికి చేరుతవి.